గీత కొడితే సున్నా

మా బావమరిది దవడ కుడివైపు కాస్త లోపలికి పోయి ఉంటుంది. నవ్వితే మూతి ఎడమకి లాగేస్తుంది. కొత్తగా చూసినవాళ్లు పుట్టుకతో వచ్చిందేమో అనుకుని జాలిపడతారు. పుట్టుకతో రాలేదు, నా చేతుల మీదుగా వచ్చింది. ఎలాగూ చెప్పాల్సిందే కాబట్టి మొదటే చెప్పేస్తున్నాను. నన్ను మంచివాడనుకుని చదవడం మొదలుపెట్టి, సగంలో తిట్టుకోవడం నాకిష్టం లేదు.

ఇంట్లో వాణ్ణి సున్నా అంటారు. ఆ పేరు వాళ్ల నాన్న బెల్టు పుణ్యం.

మా మామ లెక్కల మాస్టారు. బడిలో ఎవరినీ పల్లెత్తు మాట అనేవాడు కాదట. ఇంటికొచ్చి, చొక్కా విప్పి, బెల్టు తీసి బల్ల మీద పెట్టి కొడుకుని పిలిచేవాడు. ప్రశ్న అడిగేవాడు. తప్పు జవాబుకి ఒక దెబ్బ. "తెలియదు" అంటే అయిదు. "తెలియదనేది జవాబు కాదురా, పొగరు. ఏదో ఒకటి చెప్పు," అనేవాడు. ఎనిమిదేళ్ల వాడు ఆ ఒక్క లెక్క మాత్రం బాగా చేసుకున్నాడు. నోటికొచ్చింది చెబితే నాలుగు దెబ్బలు మిగులుతాయి. అప్పట్నుంచీ తెలియని ప్రతిదానికీ సున్నా అనడం మొదలుపెట్టాడు. ఒక్కోసారి అదే సరైన జవాబు అయ్యేది కూడా. వాడి అక్క, అంటే నా భార్య, తలుపు వెనక నిలబడి దెబ్బలు లెక్కపెట్టేది. ఎన్ని పడ్డాయో వింటే తమ్ముడు ఏం చెప్పాడో తెలిసిపోయేదట.

పెళ్లయిన రెండో నెలలో నేను కూడా కళ్లారా చూశాను. భోజనానికి కూర్చున్నాం. అప్పటికి సున్నాకి పంతొమ్మిదేళ్లు, మీసాలొచ్చాయి. ఈ వారం కరెంటు మీటరు ఎంత తిరిగిందిరా అని మామ అడిగాడు. వాడు మీటరు చూడలేదు. చూడలేదని చెప్పడానికి నోరు తెరిచి, మళ్లీ మూసి, "సున్నా" అన్నాడు. స్టీలు గ్లాసు ఎగిరి వచ్చి కనుబొమ్మ మీద తగిలింది. నీళ్లూ రక్తమూ కలిసి ప్లేట్లో పడ్డాయి. నా భార్య లేచి తువ్వాలుతో అదిమిపట్టింది. మామ నీళ్లకి ఇంకో గ్లాసు తెమ్మన్నాడు. నేను తల వంచుకుని తినేశాను. అది ఘోరమని నాకప్పుడు అనిపించనే లేదు. నేనూ దెబ్బలు తిని పెరిగినవాణ్ణే, పైగా రేకుల్ని అదిమి ఆకారాలు చేసే ప్రెస్ షాపులో పనిచేసేవాణ్ణి. చెయ్యి లేవకుండా ఎక్కడా పని జరగదని నమ్మేవాణ్ణి.

మామ పోయాక సున్నా ఒక పెట్టె, ఒక కంప్యూటరు పట్టుకుని మా ఇంటికొచ్చేశాడు. బెల్టు మామతోపాటే పోయిందనుకున్నాం.

వాడి ఆఫీసు టైర్ల కొట్టు పైన రెండు గదులు. మెట్లెక్కుతుంటేనే రబ్బరు వాసన గుప్పుమంటుంది. మొత్తం నలుగురు. ఫ్యాక్టరీల్లో యంత్రాల పక్కన పెట్టే టచ్ స్క్రీన్లకి వెబ్ పేజీలు తయారుచేస్తారు. ఆ పేజీలన్నిటికీ అడుగున చట్రంలా ఉండే ఫ్రేమ్‌వర్క్ కూడా వాళ్లే రాసుకున్నారు. అందులో మార్పిడి భాగం సున్నాకి అప్పజెప్పారు. అదేమిట్రా అని నేనడిగితే ఒక ఆదివారం పొద్దున టీ తాగుతూ చెప్పాడు.

"నువ్వు స్క్రీను మీద ఒకటిన్నర కొట్టావనుకో బావా. నీకది అంకె. పేజీకి మాత్రం మూడు గుర్తులు. ఒకటి, చుక్క, అయిదు. అంతే. ఆ గుర్తుల్ని నిజం అంకెగా మారిస్తే తప్ప నీ ప్రెస్సుకి పనికిరాదు."

"మార్చు మరి."

"అదే చేస్తున్నా. అంకెలకి ఒక మార్పిడి, తేదీలకి ఒకటి, అవునూ కాదూకి ఒకటి. రేపు ఇంకెవరో వచ్చి ఇంకోటి రాస్తారు. అన్నీ ఒకే ఒప్పందం మీద నడవాలి. గుర్తులిస్తే విలువ ఇవ్వాలి. విలువిస్తే గుర్తులివ్వాలి. రెండే పనులు. ఆ ఒప్పందాన్నే ఇంటర్‌ఫేస్ అంటాం."

"ఇంతోటి దానికి మూడు వారాలా?"

"నాకు ముందున్నాయన దీన్ని పద్నాలుగు పనులతో రాశాడు. ఆయనకే అర్థం కాక ఉద్యోగం మానేశాడు. నేను కోసి కోసి రెండుకి తెచ్చాను. ఇప్పుడు ఎవరైనా టీ చల్లారేలోపు కొత్త మార్పిడి రాసుకోవచ్చు."

వాణ్ణి అంత సంతోషంగా నేనెప్పుడూ చూడలేదు. కప్పులు తీయడానికొచ్చిన నా భార్య ఆగి, "మరి ఇచ్చింది చదవలేకపోతేనో?" అంది.

"ఆ మూడు వారాలూ దానికే పట్టాయక్కా. చదవలేకపోతే చదవలేదని చెప్పేస్తుంది. ఎర్ర గీత వస్తుంది, యంత్రం కదలదు. అంతే కదా చేయాలి?" అంటూ మెడ మీద చెయ్యి వేసుకున్నాడు. బెల్టు ఎక్కువగా అక్కడే పడేదట.

ఆ స్క్రీన్లు వచ్చింది మా షాపుకే. మాకు పదకొండు ప్రెస్సులు. ముందు మూడింటికి బిగించి చూద్దామన్నారు. ఆ మూడింట్లో మాది ఒకటి, నాలుగో నంబరు. దాని మీద ఇద్దరం. రేకు లోపల పెట్టేది పాటగాడు, పెడల్ తొక్కేది నేను. రోజంతా అదే కూనిరాగం తీస్తూ ఉంటాడు కాబట్టి పాటగాడు. పదకొండు ప్రెస్సుల మోతలో కూడా వాడి పెదాలు చూస్తే నాకు రాగం వినిపించేది. తొమ్మిదేళ్లు జోడీగా చేశాం.

వాడు రేకుని లోపలికి తోసి, అంచు సరిచేసి "ఊఁ" అనేవాడు. అప్పటికింకా చెయ్యి లోపలే ఉండేది. నేను పెడల్ తొక్కేవాణ్ణి. పై దిమ్మె ఒకటిన్నర సెకను ఆగి దిగేది. ఆలోపు వాడు చెయ్యి లాక్కునేవాడు. ఇలా చేయకూడదని గోడ మీద పెద్దక్షరాలతో రాసి ఉంది. ఆ అక్షరాల కిందే ఫోర్‌మన్ గడియారం పట్టుకుని నిలబడి, ఇంకా తొందరగా కానివ్వండిరా అనేవాడు. చేతులకి అడ్డంగా ఉండాల్సిన కమ్మీని వాడే ఊడదీయించాడు.

స్క్రీను రాకముందు ప్రతి ప్రెస్సుకీ దారంతో కట్టిన ఒక పుస్తకం, పెన్సిలు ఉండేవి. కొత్త పని మొదలైన రోజు రేకు మందం, దిమ్మె ఆగే సమయం, అన్నీ అంకెల్లో రాయాలి. అదే పని మర్నాడూ సాగితే అడ్డగీత పెడతాం. నిన్నటిలాగే అని దానర్థం. ఇరవై ఏళ్లుగా మా షాపులో అంతే. ఎవరూ ఎవరికీ నేర్పలేదు, చూసి నేర్చుకున్నాం. స్క్రీను వచ్చినా చెయ్యి ఊరుకోదు కదా, దాని మీదా గీతే కొట్టాం. స్క్రీను ఎర్రబడింది. ప్రెస్సు ఆగింది.

ఒకసారి కాదు, రోజుకి పదిసార్లు. గీత కొడితే ఆగేది, ఖాళీగా వదిలితే ఆగేది, అంకె పక్కన ఒక అక్షరం పడినా ఆగేది. ప్రెస్సు ఆగితే ఫోర్‌మన్ ఆగడు. మొదటిరోజు బూతులు తిట్టాడు. రెండోరోజు పాటగాడి వీపు మీద తన్నాడు. నాలుగోరోజు చేతిలో ఉన్న స్పానర్ నా మీదికి విసిరితే చెవి చిట్లి భుజం దాకా రక్తం కారింది. ఎదురు తిరిగే దమ్ము నాకు లేదు. ఆ కోపాన్ని చెవితోపాటు కట్టుకట్టుకుని ఇంటికి మోసుకొచ్చాను.

సున్నా అన్నం ముందు కూర్చుని ఉన్నాడు. కాలర్ పట్టుకుని లేపి గోడకేసి కొట్టాను. గోడకున్న అద్దం పగిలి కిందపడింది.

"నీ దిక్కుమాలిన స్క్రీను ఆగకుండా చెయ్యి."

"ఏం కొడితే ఆగుతోంది బావా? ఒక్కసారి చెప్పు, చాలు."

"ఏదో కొడతాం. నీకెందుకు? నువ్వు ఆపకు."

"ఆపకపోతే, చదవలేని చోట బదులుగా ఏదో ఒకటి పెట్టాలి."

"ఏదో ఒకటి పెట్టు," అని పిడికిలి ఎత్తాను.

వాడి భుజాలు చెవుల దాకా లేచాయి. కళ్లు గట్టిగా మూసుకున్నాడు. ఆ పిడికిలి దించేశాను, కొట్టలేదు. అందుకు ఆ రోజు నన్ను నేను మెచ్చుకున్నాను కూడా. వాడి ఆఫీసు ఓనరుకి కూడా మా మేనేజరు దగ్గర్నుంచి ఫోన్లు వెళుతున్నాయట. మర్నాడు సాయంత్రానికి స్క్రీను మారిపోయింది. చదవగలిగితే అంకె. చదవలేకపోతే ఏం పెట్టాడో మీకు ఈపాటికి తెలిసే ఉంటుంది.

రెండు రోజులు హాయిగా గడిచాయి. రోజుకో కొత్త పని, అంకెలు సరిగ్గా కొట్టాం, ఎక్కడా ఎరుపు లేదు. ఫోర్‌మన్ నాకు టీ కూడా ఇప్పించాడు. మూడోరోజు ముందురోజు పనే సాగింది. పాటగాడు తన పేరుతో లాగిన్ అయి, చేతి తొడుగులు వేసుకుంటూ, "మిగతాది నువ్వు కొట్టెయ్," అన్నాడు. నేను వరసగా గీతలు కొట్టాను. స్క్రీను కిక్కురుమనలేదు. హమ్మయ్య, మావాడు బాగుచేశాడు అనుకున్నాను.

మొదటి రేకు. పాటగాడు అంచు సరిచేసి "ఊఁ" అన్నాడు. నేను తొక్కాను.

దిమ్మె ఆగలేదు. తొక్కిన కాలు లేవకముందే దిగిపోయింది. రేకు మీద పడితే వచ్చే చప్పుడు వేరు, ఆ రోజు వచ్చింది వేరు, ఏదో తడిసిన మూట మీద పడ్డట్టు. పాటగాడు అరవలేదు. పెదాలు ఇంకా రాగంలోనే ఉన్నాయి. దిమ్మె పైకి లేచింది, దానితోపాటు తొడుగు సగం లేచింది. కుడిచెయ్యి మణికట్టు దగ్గర ఆగిపోయింది. అక్కడి నుంచి రక్తం చిమ్మి నా మొహం మీద, స్క్రీను మీద, గోడ మీది పెద్దక్షరాల మీద పడింది. అప్పుడు అరిచాడు. నేను నా బెల్టు తీసి వాడి చేతికి బిగించాను. బిగిస్తుంటే వాడు నా భుజం కరిచాడు, ఆ పళ్ల గాట్లు ఇప్పటికీ ఉన్నాయి. మిగతా ప్రెస్సులవాళ్లొచ్చి వాణ్ణి ఎత్తుకుపోయారు. బెల్టు లేక ప్యాంటు జారుతోంది. అలాగే బయటికి నడిచి, రెండు వీధులు దాటి, టైర్ల కొట్టు పక్క మెట్లెక్కాను.

సున్నా నన్ను చూసి లేచాడు. "బావా, ఏమిటా రక్తం?"

మొదటి దెబ్బ ముక్కు మీద. కుర్చీతో సహా వెనక్కి పడ్డాడు. జుట్టు పట్టుకుని లేపాను.

"ఏం రాశావురా దాంట్లో? వాడి చెయ్యి పోయింది. ఏం రాశావు?"

"చదవలేకపోతే సున్నా పెట్టాను." నోట్లోకి రక్తం పోతుంటే మింగుతూ చెప్పాడు. "నువ్వే కదా బావా, ఏదో ఒకటి పెట్టమన్నావు."

బల్ల మీద కాగితాలకి చిల్లులు పెట్టే ఇనప పంచ్ ఉంది. అది తీసుకుని దవడ మీద కొట్టాను. ఎండుకర్ర విరిగినట్టు వినిపించింది. కింద పడ్డాక ఇంకో రెండు తన్నాను. అడ్డమొచ్చిన ఒకతన్ని మెట్ల దాకా తోసేశాను. ఆ తర్వాత టైర్ల కొట్టువాళ్లు నలుగురొచ్చి నా మీద కూర్చుంటే గాని ఆగలేదు.

ఆసుపత్రిలో సున్నా మెట్ల మీంచి పడ్డానని రాసిచ్చాడు. దవడ రెండు చోట్ల విరిగింది, పై పళ్లకీ కింది పళ్లకీ కలిపి తీగ కట్టారు. నేను ఇంటికెళ్లేసరికి నా భార్యకి అంతా తెలిసిపోయింది. చేతిలో ఉన్న గిన్నెతో నెత్తి మీద ఒక్కటేసింది. కళ్లు బైర్లు కమ్మాయి. అరుస్తుందనుకున్నాను, అరవలేదు.

"మా నాన్న ఇంట్లోంచి బయటపడ్డాననుకున్నానండీ. పడలేదన్నమాట," అంది. ఆ తర్వాత ఆరు వారాలు నాతో మాట్లాడలేదు.

ఆ ఆరు వారాలూ సున్నా గొట్టంతో సూపు పీలుస్తూ, మాట్లాడాల్సింది కాగితం మీద రాస్తూ మా ముందు గదిలోనే కూర్చున్నాడు. నేను ఆ గది దాటాలంటే గోడ పట్టుకుని నడిచేవాణ్ణి. వాడు మాత్రం కంప్యూటరు లోంచి తల ఎత్తేవాడు కాదు. మార్పిడి మొత్తం మళ్లీ రాస్తున్నాడు.

ఈలోగా షాపులో ఇంకో ఘోరం తయారైంది. స్క్రీను దాచిన రికార్డు తీసి చూశారు. దిమ్మె ఆగే సమయం సున్నా, లాగిన్ పాటగాడిది. అంతే, దొరికింది. పని తొందరగా అవ్వాలని పాటగాడే కావాలని సున్నా కొట్టాడని మేనేజరు తేల్చేశాడు. ఫ్యాక్టరీల శాఖ నుంచి తనిఖీకి ఆఫీసరమ్మ వస్తుంది, ఆవిడ కూడా సరేనంటే పాటగాడు తన చెయ్యి తనే నరుక్కున్నవాడవుతాడు. పేరు పోతుంది, ఉద్యోగం పోతుంది. పైగా మిగిలిన ఎనిమిది ప్రెస్సులకీ అవే స్క్రీన్లు, అదే సున్నాతో వస్తాయి. గీత కొట్టింది నేనని నాకు తప్ప ఎవరికీ తెలియదు. నన్నడిగితే, నేను పెడల్ దగ్గరున్నానండీ అన్నాను. అబద్ధం కాదు కదా.

సున్నా ఒక కాగితం నా ముందు పెట్టాడు. "ఆ రోజు ఏం కొట్టావు బావా?"

"తెలియదు. గుర్తులేదు."

దానికింద ఇంకో వాక్యం రాశాడు. "నాకు చెప్పకపోయినా ఫరవాలేదు. పాటగాడికి చెప్పు." కాగితం నాలుగు ముక్కలు చేసి వాడి మొహాన కొట్టాను. వాడు ముక్కలు ఏరుకుని మళ్లీ పనిలో పడ్డాడు.

కొత్త మార్పిడిలోనూ రెండే పనులు. తేడా ఒకటే. చదవలేకపోతే, కొట్టింది కొట్టినట్టు దాచి, ఎందుకు చదవలేకపోయిందో మాటల్లో చెబుతుంది. దానంతట అది బదులుగా ఏదీ పెట్టదు. సిద్ధమయ్యాక ఓనరుకి చూపించాడు. మళ్లీ ఎరుపా, ఒక్కరు కూడా కొనరు, తీసెయ్ అన్నాడట ఓనరు. పైగా తనిఖీ రోజు షాపుకి వెళ్లి, ఏది కొడితే అదే స్క్రీను దాస్తుందని చెప్పి రమ్మన్నాడట.

ఆ రోజు అందరం నాలుగో నంబరు దగ్గర నిలబడ్డాం. ప్రెస్సు కడిగి రంగు కూడా వేశారు. ఆఫీసరమ్మ, మేనేజరు, ఫోర్‌మన్, నేను. పాటగాడు మొండిచేతికి కట్టుతో వచ్చాడు. చిక్కి సగమయ్యాడు. మేనేజరు రికార్డు చదివాడు.

"నేను స్క్రీను ముట్టుకోలేదమ్మా," అన్నాడు పాటగాడు. "మా జోడీ కొట్టాడు. తొమ్మిదేళ్లుగా చూస్తున్నాను, అంకెలు తప్పు కొట్టే మనిషి కాదు."

నేలమీది నూనె చుక్కలు చూస్తూ ఉండిపోయాను.

ఆఫీసరమ్మ సున్నా వైపు తిరిగింది. "కొట్టింది కాకుండా వేరేది దాచే అవకాశం ఈ స్క్రీనుకుందా?"

తీగలు అప్పటికింకా విప్పలేదు. వాడు మాట్లాడకుండా స్క్రీను దగ్గరికి వెళ్లి, ఖాళీగా వదిలి బటన్ నొక్కాడు. స్క్రీను దాచుకున్న అంకె, సున్నా. అక్షరాలు కొట్టి నొక్కాడు. సున్నా. ఆఫీసరమ్మ దగ్గరికొచ్చింది. ఫోర్‌మన్‌కి విషయం అర్థమై సున్నా మెడ పట్టుకుని లాగాడు. "ఎవడురా నిన్ను ముట్టుకోమంది?" సున్నా స్క్రీను చట్రం వదల్లేదు. ఫోర్‌మన్ వాడి తల పట్టుకుని ఆ చట్రానికే కొట్టాడు. పాత కనుబొమ్మ గాయం మళ్లీ పగిలింది. డొక్కలో మోకాలితో కుమ్మాడు. ఆఫీసరమ్మ ఆపమని అరుస్తోంది, మేనేజరు ఇంకెటో చూస్తున్నాడు. వాడు నా ఇంటి మనిషి. నాకు చేతులున్నాయి, అవి ఎంత బాగా పనిచేస్తాయో నాకు తెలుసు. కదల్లేదు. ఒంటిచేత్తో పాటగాడే వెళ్లి ఫోర్‌మన్ చొక్కా పట్టి వెనక్కి లాగాడు.

సున్నా లేచాడు. బల్ల మీది తొడుగులోకి గుప్పెళ్లతో రేకు తుక్కు కుక్కి, రేకు లోపలికి తోసి, దాని అంచు మీద ఆ తొడుగుని చెయ్యిలా దిమ్మె కింద ఉంచాడు. చొక్కాతో కన్ను తుడుచుకుని పెడల్ తొక్కాడు. కాలు ఇంకా లేవకముందే తొడుగు అప్పడంలా అణిగిపోయింది. పాటగాడు కట్టుని ఛాతీకి అదుముకున్నాడు.

"అయితే ఆ రోజు స్క్రీను మీద అసలు ఏం కొట్టారు?" అంది ఆఫీసరమ్మ.

సున్నా నా వైపు చూడలేదు. చూసి ఉంటే అందరూ చూసేవాళ్లు.

"తెలియదు," అన్నాడు పళ్ల మధ్య నుంచి.

ఆ మాట అంటూనే వాడి భుజాలు పైకి లేచాయి, మెడ కుంచించుకుపోయింది, కళ్లు మూతపడ్డాయి. దెబ్బ కోసం అలాగే నిలబడ్డాడు. ముప్పై ఏళ్ల మనిషి. దెబ్బ రాలేదు. నెమ్మదిగా కళ్లు తెరిచాడు.

"నాకు తెలియదమ్మా. చదవలేనిదాన్ని పారేసి సున్నా పెట్టేలా నేనే రాశాను. కొట్టింది దాచి ఉంటే తెలిసేది. ఈయన సున్నా కొట్టాడనడానికి మాత్రం ఆ రికార్డు పనికిరాదు."

ధైర్యం వచ్చి మాట్లాడానని అనుకోకండి, ఇంక భరించలేక మాట్లాడాను.

"గీత కొట్టింది నేను," అన్నాను. "స్క్రీను ఆపొద్దని వీణ్ణి గోడకేసి కొట్టింది నేను. ఏం కొడితే ఆగుతోందని వాడు అడిగితే చెప్పనిదీ నేనే."

పాటగాడు నా ముందుకొచ్చి నిలబడ్డాడు. ఎడమచేత్తో మొహం మీద గుద్దాడు. అలవాటు లేని చెయ్యి, మొదటిది జారింది. రెండోది సరిగ్గా తగిలి నా ముందు పన్ను ఊడి నేల మీద పడింది. మూడోది, నాలుగోది. నేను చేతులు కిందే ఉంచుకున్నాను. అలసిపోయాక వాడు పెడల్ పక్క స్టూలు మీద కూర్చుని ఏడ్చాడు. కట్టు లోంచి ఎర్రగా ఊరింది.

పాటగాడి పేరు బాగుపడింది. ఇప్పుడు స్టోర్సులో బల్ల దగ్గర కూర్చుంటాడు, ఎడమచేత్తో రాయడం నేర్చుకున్నాడు. నాతో మాట్లాడడు. ఫోర్‌మన్‌ని తీసేశారు. నన్ను ప్రెస్సుల మీదనుంచి తప్పించి ప్యాకింగులో వేశారు, మళ్లీ ఏ పెడల్ మీదా కాలు పెట్టనివ్వరు. కమ్మీలు తిరిగి బిగించారు. పదకొండు స్క్రీన్లలోనూ సున్నా రాసిన కొత్త మార్పిడే ఉంది, ఆఫీసరమ్మ అది లేకుండా ఒక్కటీ బిగించనివ్వలేదు. గీత కొడితే ఎర్రటి పట్టీలో ఇలా వస్తుంది: "మీరు గీత కొట్టారు. దానర్థం నాకు తెలియదు. అంకె కొట్టండి." షాపులో దాన్ని తిట్టనివాళ్లు లేరు. తిట్టుకుంటూనే అంకె కొడతారు.

తీగలు విప్పిన వారానికి ముగ్గురం కలిసి భోజనానికి కూర్చున్నాం. నా భార్య అప్పుడప్పుడే ముక్తసరిగా మాట్లాడుతోంది. సున్నా మెత్తగా కలుపుకుని ఎడమవైపు నములుతున్నాడు. ఉన్నట్టుండి చెయ్యి ఆపాడు.

"మొదటి దెబ్బ అర్థమైంది బావా. రెండోది ఎందుకు కొట్టావు?"

"తెలియదురా."

వాడు కోప్పడలేదు. అలాగని ఊరుకోనూ లేదు. నా మొహం చూస్తూ కూర్చున్నాడు. నా భార్య కూడా వడ్డించడం ఆపి చూస్తోంది.

"నువ్వు చెప్పింది నిజం కాబట్టి," అన్నాను. "ఇంకోసారి ఆ మాట అనకుండా ఉండాలని, నోరే పగలగొట్టాను."

సున్నా తల ఊపాడు. ప్లేటు దగ్గరికి లాక్కుని మళ్లీ తినడం మొదలుపెట్టాడు. నా భార్య నాకు కూడా వడ్డించింది.